ఆవులు తొక్కని మడి

ఏప్రిల్ 3, సోమవారం

నాలుగో రింగు మళ్ళీ మొదలెట్టింది.

నేలలోకి దింపిన రింగు మీద మూత పెడితే మట్టి నుంచి వచ్చే గ్యాసు అందులో చేరుతుంది; మూత పెట్టిన నలభై నిమిషాలకి దీని కొలత పద్దెనిమిది వందల తొంభై. పక్కనున్న మూడు రింగులూ బుద్ధిగా, మామూలు గాలిలో ఉండే మూడొందల నలభై దగ్గర కూర్చుంటే దీనికేం మాయరోగమో. వాన పడి యాభై రోజులైంది. నేల పెంకులా ఉంది. ఆ మడిలో ఆవు కాలు పెట్టి ఎన్నేళ్ళైందో ఎవరికీ గుర్తు కూడా లేదు, చుట్టూ కంచె. పేడ లేదు, మూత్రం లేదు, ఎరువు లేదు. అందుకే దాన్ని కంట్రోల్ మడి అంటాం. ఆవులు మేసే మడుల నుంచి ఎంత గ్యాసు వస్తోందో చెప్పాలంటే పక్కన పెట్టి చూసుకోవడానికి ఏమీ జరగని చోటు ఒకటి కావాలి. ఏమీ జరగని చోటు నుంచి ఏమీ రాకూడదు.

ఫీల్డు పుస్తకంలో రాశాను: రింగు 4, మూత లీకు, తీసివేత.

నాన్న మళ్ళీ భోజనం చెయ్యకుండా పడుకున్నాడు. బతిమాలే ఓపిక నాకు లేదు.

ఏప్రిల్ 5, బుధవారం

సాయంత్రం నాన్న కంచె దగ్గర నిలబడి మందని లెక్కపెట్టాడు. అరవై నాలుగు అన్నాడు. ఉన్నవి నలభై ఒకటి. ముప్పై నాలుగేళ్ళు ఈ పశు పరిశోధన కేంద్రంలో మందని చూసుకున్న మనిషి. రిటైరై పదకొండేళ్ళైంది, ఇప్పుడు ఆ పని తమ్ముడిది. రెండు నెలలుగా మతిమరుపు ముదిరింది గానీ లెక్క మాత్రం ఏ రోజూ మారదు. అరవై నాలుగే.

"నలభై ఒకటే నాన్నా" అన్నాను.

"అవి నిలబడి ఉన్నవి. పడుకున్నవి లెక్కెయ్యవా?"

పడుకున్నది ఒక్కటీ లేదు. తమ్ముడు నవ్వేశాడు. "పోనీలే అక్కా, నాన్న లెక్కన నేను ఇంకో ఇరవై మూడింటి పాలు చూపించాలి, అదొక్కటే ఇబ్బంది" అన్నాడు. వాడికి అన్నీ వేళాకోళమే. తర్వాత నా వెంట నడుస్తూ అడిగాడు, రోజూ ఆ మడి చుట్టూ ఎందుకు ప్రదక్షిణాలు చేస్తున్నావని.

చెప్పాను. మట్టిలో కంటికి కనపడని జీవులుంటాయి. మూత్రం పడితే కొన్ని దాన్ని తిని నైట్రేటు చేస్తాయి. ఇంకొన్ని గాలి అందనప్పుడు ఆ నైట్రేటునే పీల్చి బతుకుతాయి. అవి వదిలేదే మనం కొలిచే నైట్రస్ ఆక్సైడ్ గ్యాసు, పైకి పోతే వందేళ్ళకి పైగా ఉండి భూమిని వేడెక్కిస్తుంది.

"అంటే గాలాడని చోట కూడా ఊపిరి తీసేవి ఉంటాయన్నమాట."

"తిండి దొరికితే చాలు."

"మరి నాలుగో రింగు కింద వాటికి తిండెవడు పెడుతున్నాడు?"

నోరు మూసుకుని వెళ్ళి పాలు పితుక్కో అన్నాను.

ఏప్రిల్ 6, గురువారం

రెండు వేల నూట పది. మూత మార్చాను. రబ్బరు మార్చాను. సిరంజి మార్చాను.

ఏప్రిల్ 8, శనివారం

దశాంశం గారు పిలిచారు. మూడు దశాంశాలు లేని సంఖ్యని ఆయన సంఖ్య కింద లెక్కెయ్యడు. డైరెక్టరుకి ఆ పేరు పెట్టినవాళ్ళెవరో గానీ వాళ్ళ నోట్లో చక్కెర పొయ్యాలి.

ఇరవై రెండో తారీకున తొమ్మిదేళ్ళ నివేదిక వినడానికి బయటి నుంచి కమిటీ వస్తోంది. ఈసారి తీసేసిన కొలతలు కూడా చూపించమన్నారట. మాకో సూత్రం ఉంది. ఒక రింగు తన పక్కవాటికి మూడు రెట్లు దాటితే అది కొలతలో పొరపాటు, తీసెయ్. ఈ పనిలో ఉన్నవాళ్ళందరూ చేసేదే. నేనేం కొత్తగా కనిపెట్టలేదు.

పాత ఫీల్డు పుస్తకాలన్నీ బల్ల మీద పరిచాను. కంట్రోల్ మడిలో తొమ్మిదేళ్ళలో తీసేసినవి డెబ్భై మూడు. అందులో డెబ్భై ఒకటి నాలుగో రింగువే. అన్నిటి పక్కనా నా చేతిరాతే. మూత లీకు. మూత లీకు. మూత లీకు.

మూత లీకైతే గ్యాసు బయటికి పోతుంది. సంఖ్య తగ్గుతుంది గానీ పెరగదు. కొత్తగా చేరినవాళ్ళకి నేను మొదటి రోజే చెప్పే పాఠం ఇది. తొమ్మిదేళ్ళుగా నాకు నేను ఎందుకు చెప్పుకోలేదో తెలీదు. తెలీదని రాస్తున్నాను గానీ, శుభ్రమైన మడి శుభ్రంగా ఉంటేనే అందరికీ హాయి. నాకూ హాయి.

ఏప్రిల్ 11, మంగళవారం

మందని పక్క బీడులోకి మార్చారు. నేను నాలుగో రింగు మీద మూత పెట్టి వాచీ చూసుకుంటూ ఉన్నాను. తలెత్తేసరికి ఆవులన్నీ కంచె వెంబడి వరసగా నిలబడి ఉన్నాయి. నలభై ఒకటీ. ముఖాలు మడి వైపు. ఒక్కటీ నెమరు వెయ్యడం లేదు. ఈగలు కళ్ళ మీద వాలుతున్నా తోక విసరడం లేదు.

అంత నిశ్శబ్దంగా మందని ఎప్పుడూ చూళ్ళేదు. సిరంజిలోకి గాలి లాగుతుంటే ఆ చప్పుడు నాకే పెద్దగా వినపడింది. నలభై నిమిషాలైంది, మూత తీశాను. అప్పుడు ఒక్కొక్కటే తిరిగి వెళ్ళిపోయాయి.

ఉప్పు కోసం వచ్చి ఉంటాయి. కంచె రాటలు నాకుతుంటాయి అప్పుడప్పుడు. ఇవాళ ఏదీ నాకలేదు. అయినా ఉప్పు కోసమే వచ్చి ఉంటాయి.

రెండు వేల నాలుగు వందలు.

ఏప్రిల్ 13, గురువారం

నీళ్ళ ట్యాంకు ఎక్కాను, వాల్వు చూడ్డానికి. అది నా పని కాదు. పైనుంచి మడి ఎలా కనిపిస్తుందో చూద్దామనే ఎక్కాను, డైరీతో కూడా అబద్ధమెందుకు.

బీళ్ళన్నీ ఎండి గోనె రంగులో ఉన్నాయి. కంట్రోల్ మడి కూడా అంతే, ఒక్క చోట తప్ప. నాలుగో రింగు మొదలుకొని తూర్పు కంచె దాకా పచ్చటి పట్టీ. నలభై అడుగుల పొడవు ఉంటుందేమో, పన్నెండడుగుల వెడల్పు. మూలలు నాలుగూ స్కేలు పెట్టి గీసినట్టున్నాయి. గడ్డి తనంతట తాను అలా మొలవదు. కింద నిలబడితే అక్కడక్కడా నాలుగు పచ్చ పరకలే, ఆకారం కనపడదు, తొమ్మిదేళ్ళుగా దాని మీద నడుస్తున్నాను.

పాత మురుగు పైపేదో పగిలి ఉంటుంది. అంతే అయ్యుండాలి. పైపే అయితే కమిటీకి ఒక్క ముక్కలో చెప్పెయ్యచ్చు.

ఏప్రిల్ 15, శనివారం

నాన్న కనపడకపోతే వెతుక్కుంటూ వెళ్ళాను. మడిలో ఉన్నాడు. కంచె ఎలా దాటాడో, మోకాళ్ళ నొప్పుల మనిషి. పచ్చ పట్టీ మీద గొంతుక్కూచుని అరచెయ్యి నేలకి ఆనించి ఉన్నాడు, సుస్తీ చేసిన దూడ ఒళ్ళు చూసినట్టు.

"ఏంటి నాన్నా?"

"ఇంకా వెచ్చగానే ఉన్నాయి" అన్నాడు.

ఎండాకాలం, నేల వెచ్చగా ఉండదా? చెయ్యి పట్టుకుని లేపాను. వస్తూ వస్తూ వెనక్కి తిరిగి నోటితో చప్పుడు చేశాడు, మందని ఇంటికి మళ్ళించేటప్పుడు చేసే చప్పుడు. నాకు చిరాకేసింది, కసిరాను. చిరాకు కాదు, భయమేసింది.

మంగళవారం తవ్విస్తాను. తమ్ముడికి చెప్పాను. "ఇన్నాళ్ళకి నాకో పనికొచ్చే పని చెప్పావు" అన్నాడు. నాన్నని ఆ పూట కళ్ళ పరీక్షకి తీసుకెళ్ళమని మరదలికి చెప్పాను. ఎందుకలా చెప్పానో నాకు తెలీదు.

ఏప్రిల్ 18, మంగళవారం

పైపు లేదు.

రెండడుగుల దాకా మామూలు మట్టి. ఆ తర్వాత తెల్లటి పొర, సున్నం. తమ్ముడు పార ఆపి నా వంక చూశాడు. "ఇంకా తవ్వనా?" అన్నాడు. తవ్వమన్నాను. సున్నం కింద మట్టి నల్లగా, చెమ్మగా ఉంది, అరవై ఐదు రోజులు వాన లేని ఎండలో. వాసన లేదు. వాసన ఉండుంటే బాగుండేది.

మొదట కొమ్ము వచ్చింది. తర్వాత ఎముకలు, ఒకదాని మీద ఒకటి, మేడ మెట్లలా. కొన్నిటికి ఇంకా వెంట్రుకలున్నాయి. "ఆవులే అక్కా" అన్నాడు, మెల్లగా, పక్క గదిలో ఎవరో నిద్రపోతున్నట్టు. చేత్తో లోపల తడిమి ఏదో పైకి తీశాడు. ఇత్తడి చెవి బిళ్ళ. నూట పదిహేడు. తీసేటప్పుడు ఎముక పెచ్చు గీరుకుని ముంజేతి మీద చిన్న గీత పడింది. ఉమ్ము రాసుకున్నాడు.

గ్లవ్స్ డబ్బాలో ఒక్క జత మిగిలింది. అది నేను వేసుకున్నాను. నా చేతుల మీది మురికి మట్టి నమూనాకి అంటకూడదు కదా, అందుకు. వాడి చేతుల గురించి నేను ఆలోచించలేదు.

మట్టి రెండు సంచుల్లో పెట్టుకుని గొయ్యి పూడ్చెయ్యమన్నాను.

ఏప్రిల్ 19, బుధవారం

నమూనా కొలిచాను. నైట్రేటు మామూలుకి పద్నాలుగు రెట్లు. అంటే అంతా సరిపోయింది. మూత బాగానే ఉంది. అన్నేళ్ళూ బాగానే ఉంది.

ఏప్రిల్ 20, గురువారం

పొద్దున కాఫీ దగ్గర బిళ్ళ నాన్న ముందు పెట్టాను. నిన్నే పెట్టాల్సింది, ధైర్యం చాల్లేదు.

చాలాసేపు చూశాడు. వేలితో అంకెల్ని తడిమాడు. "చుక్కమ్మ" అన్నాడు. "పాలు తీసేటప్పుడు తల నా భుజం మీద పెట్టేది."

తర్వాత చెప్పుకుంటూ పోయాడు. రెండు నెలలుగా మా పేర్లు కూడా తడుముకునే మనిషి, ఒక్క మాట తడుముకోలేదు. ఇరవై ఆరేళ్ళ కిందట, మూడు రోజుల్లో ఇరవై మూడు ఆవులు. సాయంత్రం బాగానే మేసినవి పొద్దున కాళ్ళు చాపి పడున్నాయి. ముక్కుల్లోంచి, వెనక నుంచి నల్లటి రక్తం, గడ్డకట్టని రక్తం. పశువుల డాక్టరు దూరం నుంచే చూసి, ఎవరూ కొయ్యొద్దు, ముట్టుకోవద్దు, కాల్చెయ్యండి అని వెళ్ళిపోయాడు. అప్పటి మేనేజరు కట్టెలు పంపిస్తానన్నాడు, పంపలేదు. వాన పట్టుకుంది. ఉబ్బిపోయి కాళ్ళు పైకి లేచాయి. నాలుగో రోజు నాన్నా ఇంకో ఇద్దరూ గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చేశారు. మోకాలి లోతు నీళ్ళలో ఇంకెంత తవ్వుతారు? రిజిస్టర్లో 'ఇరవై మూడు, కాల్చివేత' అని రాసుంది. కింద నాన్న సంతకం. ఆ పై నెలలో నాన్న ఉద్యోగం పర్మనెంటు అయింది. ఆ ఇద్దరూ ఇప్పుడు లేరు.

అప్పట్నుంచి ఆ మూలకి ఏ ఆవునీ పోనివ్వలేదు. కంచె తనే వేశాడు. ఎవరడిగినా అక్కడ గడ్డి మంచిది కాదనేవాడు. తొమ్మిదేళ్ళ కిందట దశాంశం గారూ నేనూ కంట్రోల్ మడికి చోటు వెతుకుతుంటే రికార్డుల్లో దొరికింది, పదిహేడేళ్ళుగా ఆవు తొక్కని చోటు. కేంద్రం మొత్తంలో ఇంత శుభ్రమైన నేల లేదని ఆయన నా వీపు తట్టాడు. ఎందుకు తొక్కలేదని ఇద్దరం అడగలేదు. ఆ రోజు నాన్న నన్నొక్కటే అడిగాడు, రింగులు ఎంత లోతు దింపుతారని. నాలుగు వేళ్ళన్నాను. అయితే సరే అన్నాడు.

దొమ్మ. ఆంత్రాక్స్. చదువుకున్నాను, నాకెవరూ చెప్పక్కర్లేదు. ఈ రోగం క్రిములు నా మట్టిలో జీవుల్లాంటివి కావు. తిండి లేకపోతే గింజలా ముడుచుకుని పడుంటాయి. ఇరవై ఆరేళ్ళు వాటికి ఒక లెక్క కాదు.

"ఎవరికీ చెప్పకమ్మా" అన్నాడు నాన్న. "నా సంతకం ఉంది. పెన్షను ఆపేస్తారు. ఆ ఉద్యోగం చూపించే కదా తమ్ముడికి ఇచ్చారు." తర్వాత ఖాళీ గ్లాసు అందుకుని తాగబోయాడు.

శనివారం కమిటీ. అదయ్యాక చెప్తాను. రెండు రోజుల్లో ఏం కొంప మునుగుతుంది, ఇరవై ఆరేళ్ళు మునగనిది? గొయ్యి పూడ్చేశాం. మంద ఆ వైపు పోదు. తమ్ముడు కులాసాగా ఉన్నాడు, పొద్దున కిటికీలోంచి చూశాను, ఈల వేసుకుంటూ పోతున్నాడు.

ఏప్రిల్ 21, శుక్రవారం

తమ్ముడి ముంజేతి మీద ఎర్రటి పొక్కు. దోమ కుట్టినంత. దురద పెడుతోందట.

ఎండాకాలం. ఏదో కుట్టి ఉంటుంది. ఆయింట్‌మెంటు ఇచ్చాను.

ఏప్రిల్ 22, శనివారం

నివేదిక బాగా జరిగింది. నాలుగో రింగు గురించి అడిగారు. నేల కింద పాత మురుగు పైపు అన్నాను. దశాంశం గారు తలూపారు. తొమ్మిదేళ్ళ పని నిలబడింది. కమిటీలో పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని, ఇంత శుభ్రమైన కంట్రోల్ ఎక్కడా చూళ్ళేదు అంది.

పొక్కు నీటి బుడగైంది. వాడు షర్టు చెయ్యి మడిచి చూపించాడు. చుట్టూ చిన్న చిన్న బుడగలు. నొప్పా అని అడిగాను, లేదన్నాడు. రేపు చెప్తాను. రేపు ఆదివారం, పెద్ద డాక్టరు ఉండడు. సోమవారం.

ఏప్రిల్ 23, ఆదివారం

మధ్యలో నల్లబడింది. బొగ్గు నలుపు.

ల్యాబులో దొమ్మ రోగం గురించి ఉన్న పుస్తకం తీశాను. బొమ్మ ఉంది. కింద ఒక్క వాక్యం, 'నొప్పి ఉండదు' అని. పుస్తకం మూసేశాను. నిన్నంతా నేను వాణ్ణి ఆ ఒక్క మాటే అడుగుతున్నాను, నొప్పా, నొప్పా అని. లేదన్న ప్రతిసారీ నాకు ఊరటగా ఉంది.

మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళాను, చెప్పేద్దామనే వెళ్ళాను. మరదలు చెయ్యి వాచిందని వేడినీళ్ళ కాపడం పెడుతోంది. "నీ అక్క వచ్చింది, నేలకి నాడి చూసే డాక్టరు, నీ చెయ్యి కూడా చూపించు" అంది. ముగ్గురం నవ్వాం. నేనూ నవ్వాను. నీళ్ళు నములుతూ కూర్చుని లేచి వచ్చేశాను.

వచ్చేటప్పటికి నాన్న కంచె దగ్గర ఉన్నాడు. అరవై ఐదు అన్నాడు.

ఏప్రిల్ 24, సోమవారం

పొద్దున ఆరింటికి మరదలి ఫోను. చెయ్యి దుంగలా వాచి భుజం దాకా పాకింది, ఒళ్ళు కాలిపోతోంది. నేను వెళ్ళేసరికి ఆసుపత్రిలో ఏదో మామూలు ఇన్ఫెక్షన్ అనుకుని సెలైన్ పెట్టారు. డాక్టరమ్మని పక్కకి పిలిచి చెప్పాను. ఆవుల గొయ్యి, సున్నం, గీత, అన్నీ. ఆవిడ వింటూనే నర్సుని కేకేసి మందులు మార్చేసింది.

"ఎప్పట్నించి తెలుసు మీకు?"

"ఇవాళ పొద్దున. నాన్న చెప్పాడు."

నోరు దానంతట అదే అనేసింది. నేను ఆలోచించుకుని అన్న మాట కాదు. గురువారం కాఫీ దగ్గర కూర్చున్నది నేను కానట్టు అనేసింది.

ఏప్రిల్ 25, మంగళవారం

చెయ్యి రెండు వైపులా కోశారు, వాపుకి రక్తం ఆగిపోకుండా. స్పృహ లేదు. బతుకుతాడని ఎవరూ అనడం లేదు.

ఏప్రిల్ 27, గురువారం

ఐసీయూ అద్దం ఇవతల నుంచి వాడి ఛాతీ చూస్తూ నిలబడ్డాను. లేస్తోంది, పడుతోంది. లెక్కపెట్టాను. వేరే పనేదీ చెయ్యలేకపోయాను. చచ్చిపోతే నేనే చంపినట్టు. ఇది ఎక్కడా ఎవరితోనూ అనలేను.

ఏప్రిల్ 30, ఆదివారం

కళ్ళు తెరిచాడు.

మే 4, గురువారం

అధికారులు వచ్చారు, తెల్ల కోట్లు, ముక్కులకి గుడ్డలు. తవ్వరట, పైన కాంక్రీటు పోస్తారట. గొయ్యి హద్దులు చూపించమని నాన్నని తీసుకెళ్ళారు. పచ్చ పట్టీ చూపించాడు. అంతటితో అయిపోయిందనుకున్నాను. ఆగకుండా కంచె దాటి పాలషెడ్డు వెనక్కి నడిచాడు. "ఇక్కడ ఏడు" అన్నాడు.

"ఒకటే గొయ్యని చెప్పారు కదండీ" అన్నాడు అధికారి.

మధ్యాహ్నం మళ్ళీ అడిగితే షెడ్డు వెనక కాదని నీళ్ళ ట్యాంకు కిందకి తీసుకెళ్ళాడు. సాయంత్రం క్వార్టర్ల మధ్య సందులో ఆగిపోయి నేల వంక చూస్తూ నిలబడ్డాడు. నాలుగు చోట్ల ఎర్ర జెండాలు పాతారు. ఏది నిజమో ఆయనకే తెలీదు. పచ్చ పట్టీ దగ్గర తప్ప మిగతా మూడు చోట్లా రింగు లేదు. కొలిచినవాళ్ళు లేరు.

మందని షెడ్డులోంచి బయటికి వదలడం లేదు. నలభై ఒకటీ ఒకే వైపు తిరిగి నిలబడుతున్నాయి. ఏ వైపో చూడ్డానికి నేను వెళ్ళలేదు.

మే 9, మంగళవారం

నాన్న పెన్షను ఆపలేదు. ముసలాయన, మతి లేదు, పోనిమ్మన్నారు. సంతకం సంగతి పైకి రాస్తామన్నారు, అంతే. దశాంశం గారు నివేదిక వెనక్కి తీసుకున్నారు, నన్నేమీ అనలేదు. ఆ నాలుగు రోజులు ఆగి నేను కాపాడిందేమీ లేదు, పెన్షను ఎటూ ఆగేది కాదు, నివేదిక ఎటూ నిలవలేదు.

మే 12, శుక్రవారం

బొటన వేలూ చూపుడు వేలూ కలవడం లేదు తమ్ముడికి. కుడి చెయ్యి. పాలు పితికే చెయ్యి. మూడు నాలుగు రోజులు ముందొచ్చి ఉంటే ఉత్తి మాత్రలతో పోయేదని డాక్టరమ్మ అందట. మరదలు నాకు చెప్పింది. చెప్పి, నా రెండు చేతులూ పట్టుకుంది. "ఆ రోజు నువ్వు గుర్తుపట్టి పరిగెత్తుకుని రాకపోతే ఈ మనిషి నాకు దక్కేవాడు కాదు వదినా" అని ఏడ్చింది.

వీపు నిమిరాను. నా మీద నాకే అసహ్యం వేసింది. అయినా నిమిరాను.

మే 16, మంగళవారం

విచారణకి వాడి వాంగ్మూలం రాసి ఇమ్మన్నారు. వాడు రాయలేడు. మరదలి చేతిరాత కోడి కెలికినట్టుంటుందని నన్ను పిలిపించాడు.

మంచం పక్క కుర్చీ లాక్కుని అట్ట మీద కాగితం పెట్టుకున్నాను. చిక్కిపోయాడు, గొంతు మాత్రం పాత గొంతే. కట్టు కట్టిన చెయ్యి దిండు మీద పెట్టుకుని, కళ్ళు మూసుకుని చెప్పుకుపోయాడు. తవ్వమన్నది అక్కే గానీ, కింద ఏముందో అక్కకి తెలీదు. గ్లవ్స్ వేసుకోకపోవడం నా తప్పే, అన్నాడు. ఇక్కడ నేను కలం ఆపాను.

"అది రాయొద్దురా. గ్లవ్స్ ఒక్క జతే ఉన్నాయి, నేను వేసుకున్నాను."

"నాకు చెప్పకు, నేను అడిగితే ఇచ్చేదానివి. రాయి."

రాశాను.

"మా నాన్న చెప్పగానే మా అక్క ఒక్క నిమిషం కూడా ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి వచ్చి డాక్టరు గారికి తెలియజేసింది. అందువల్లే నేను బతికాను. రాశావా?"

"రాశాను."

"ఏ రోజు అది? ఆ రోజులేవీ నాకు గుర్తు లేవు."

చెప్పడానికి నాకు వీలుంది. గదిలో ఇద్దరమే ఉన్నాం. మరదలు మందుల షాపుకి వెళ్ళింది. వాడు కళ్ళు తెరిచి నా వంక చూస్తున్నాడు, తొందరేం లేదు. వాడు నా మీద కోప్పడతాడని కాదు. కోప్పడడేమోనని భయమేసింది.

"సోమవారం" అన్నాను. "ఇరవై నాలుగు."

"అయితే అదే రాయి."

రాశాను. ఎడమ బొటనవేలికి నేనే సిరా అద్ది కాగితం మీద నొక్కించాను. ఇప్పుడొకసారి మొత్తం చదివి వినిపించమన్నాడు. మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా చదివాను. గొంతు ఎక్కడా తడబడలేదు.